గంజి పెట్టిన ఫౌజు

నిజాం ఫౌజు గురించి పుస్తకాలు రాసేవాళ్ళు నా దగ్గరికి వచ్చి ముందుగా ఫిరంగుల సంగతి అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఫిరంగులు హైదరాబాదులో ఉండేవండీ, పరేడ్ మైదానంలో, ఫోటోలు దిగడానికి. మేముండేది మహదేవపూర్ దాటాక గోదావరి రేవులో. అక్కడికి ఫిరంగి మాట దేవుడెరుగు, ఉప్పు రావడమే గగనం. అడిగారు కాబట్టి మా ఆయుధాల వైభోగం ఒక్కసారి చెప్తాను, మళ్ళీ అడగొద్దు.

మాకు తలా ఒక తుపాకి ఉండేది. నా తుపాకి వయసులో నాకంటే పెద్దది, దగ్గడంలో మా తాతకంటే ఘనం. ఒక మిషన్‌గన్ కూడా ఉండేది గానీ దానికి స్ప్రింగు లేదు. స్ప్రింగు పంపుతున్నామని వరంగల్ నుంచి కబురు వచ్చేది. స్ప్రింగు రాలేదు గానీ, ఆ కబురు రావడం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఒక లారీ ఉండేది, పెద్ద యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు వాడి వదిలేసినది. దాని ఇంజను మీద మా వంటవాడి కోడి పొదిగేది, పిల్లలు కూడా బాగానే అయ్యాయి. రేడియోకు బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో కొత్త తుపాకులు దిగుతున్నాయని పట్నంలో గొప్పగా చెప్పుకునేవారట. మా రేవులో రాత్రిపూట దిగినవి దోమలే.

నా పేరు దానియేలు, మాది రఘునాథపల్లి. మిషన్ బడిలో బాకా ఊదడం నేర్చుకున్నాను, ఆ పుణ్యాన ఫౌజులో బ్యూగిల్ వాడిగా నౌకరీ దొరికింది. మా డజను మందికీ అధికారి జమేదార్ బాబామియా. మానుకోట మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, ఛాతీ మీద ఇంగ్లీషువాడిచ్చిన పతకం. పెద్ద యుద్ధంలో మలయా దాకా పోయి, అక్కడ జపాను వాళ్ళకు దొరికిపోయి, యుద్ధం అయిపోయేదాకా ఖైదీగా ఉండి వచ్చాడు. కాబట్టి గెలవడం సంగతి ఏమోగానీ లొంగిపోవడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది. మాకు నేర్పిన యుద్ధవిద్య అంతా గుండీలు, బూట్లు, ఇస్త్రీ మడతలే. తుపాకి పేలకపోతే ఊరుకునేవాడు, గుండీ ఊడితే మాత్రం ఆకాశం భూమి ఏకం చేసేవాడు.

ఆయన గుండీల పిచ్చికి ఒక కారణం ఉంది, అది మాకు వారం వారం చెప్పేవాడు. "మలయాల బనీన్ల మీద దొరికినోల్లను జపానోడు అక్కన్నే కాల్చిండు. వర్దీల ఉన్నోల్లను నిలవెట్టి లెక్కవెట్టిండు. లెక్కవెట్టినోన్ని ఎవ్వడు సంపడు, యాదివెట్టుకోండ్రి." వర్దీ అంటే మా ఖాకీ బట్టలు. అప్పట్లో ఆ మాట వింటే మాకు నవ్వొచ్చేది.

నిజానికి నవ్వాల్సిన మాట కాదు. అవి నలభై ఎనిమిదో సంవత్సరం రోజులు. ఊళ్ళ మీద పడి కొట్టి, తగలబెట్టే రజాకార్లు వేరు, నెల జీతానికి రేవు కాసే మేము వేరు. వాళ్ళంటే మా జమేదారుకు కూడా గిట్టదు. కానీ గడ్డం, లుంగీ, చేతిలో తుపాకి చూసి దూరం నుంచి గురిపెట్టేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? తేడా అంతా వర్దీలోనే ఉంది. ఆ వర్దీ మాకు తలా ఒక్క జతే ఉండేది. రెండో జత కూడా స్ప్రింగు వచ్చే దారిలోనే వస్తూ ఉండేది.

సెప్టెంబరులో యూనియన్ ఫౌజు నాలుగు వైపుల నుంచి వచ్చి పడింది. మా వైపు గోదావరి పొంగి ఉండటంతో అవతలి గట్టున ఆగిపోయింది. ఒకరోజు సాయంత్రం మా యాకూబ్ మహదేవపూర్ ఠాణా నుంచి ఉరుక్కుంటూ వచ్చాడు. యాకూబ్‌ది నర్సింహులపేట, చాంద్‌బీ అనే విధవరాలికి ఒక్కడే కొడుకు, మా అందరిలోకీ ఇంటి బెంగ ఎక్కువున్నవాడు. "సాబ్, లడాయి అయిపోయింది! రేడియోల చెప్పిండ్రట. మనం లొంగిపోయినం," అన్నాడు. ఓడిపోయామన్న వార్త అంత సంతోషంగా చెప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

బాబామియా గోదావరి వైపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగి, "నీళ్ళు తగ్గంగనే వాళ్ళు పడవలెక్కి వస్తరు. అందరు బట్టలిప్పుండ్రి," అన్నాడు.

మేము బిక్కచచ్చిపోయాం.

"గిట్ల మురికి బట్టలతోని లొంగిపోతరా? సిగ్గులేదా? లచ్చవ్వకు ఏసి రాండ్రి. మంచిగ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇయ్యమని చెప్పుండ్రి. మనం ఓడిపోయినం గని ముతక ఫౌజు గాదని వాళ్ళకు తెల్వాలె."

"సాబ్, సగం మందివి ఈయాల్ల ఏద్దాం, సగం మందివి రేపు," అన్నాను నేను. బుద్ధున్న మాట నేను మాట్లాడిన సందర్భాల్లో అదొకటి.

"సగం ఫౌజు తెల్లగ, సగం ఫౌజు నల్లగ నిలవడ్తదా? ఇప్పు!"

విప్పాం. హైదరాబాదు సంస్థానపు సరిహద్దు సైన్యం ఆ సాయంత్రం లుంగీల మీద, బనీన్ల మీద మిగిలింది. మూటలన్నీ లచ్చవ్వ ఇంటికి చేరాయి. ఆమె రేవు పక్క పల్లెలో బట్టలుతికే మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. దొర బట్టలూ ఆమే ఉతకాలి, పటేలు బట్టలూ ఆమే ఉతకాలి. మా బట్టలు మటుకు ఉతకాలన్న జబర్దస్తీ లేదు, మా జమేదారు గుండీల కోసం పడే ఆరాటం చూసి నవ్వుకుంటూ ఉతికేది.

చౌడు నీళ్ళలో నానబెట్టి, బానలో ఆవిరి పట్టేలా ఉబ్బకు వేసి, బండకేసి బాది, గంజిలో ముంచి తీసింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఉత్తర కార్తె వాన పట్టుకుంది. ముసురంటే అలాంటి ఇలాంటి ముసురు కాదు, ఆకాశంలో ఎండ అనేది ఒకటి ఉండేదన్న సంగతే మరిచిపోయాం. గంజి పట్టిన ఖాకీ ఆరక, పులిసిన వాసన వేయడం మొదలుపెట్టింది.

ఆ ముసురులోనే తెల్లారేసరికి యాకూబ్ కనబడలేదు. తుపాకీ లేదు. అమ్మ దగ్గరికి పోయాడని అందరికీ అర్థమైంది. బాబామియా కోపంతో గడ్డం పీక్కున్నాడు. "పొమ్మను బాడ్కావును. లుంగీ మీద తొవ్వవడ్డడు, ఇగ జూడు," అన్నాడు గానీ, దారి వైపు నాలుగు అడుగులు వేసి మళ్ళీ మళ్ళీ చూసి వచ్చాడు. కోపం కాదది, భయం. నాకూ భయమేసింది.

గోదావరి తగ్గడం మొదలైంది. అవతలి గట్టున పడవలు సిద్ధం చేయడం కళ్ళకు కనబడుతోంది. రేపు పొద్దుటికి వచ్చేస్తారు. బట్టలు తెమ్మని జమేదారు నన్ను లచ్చవ్వ ఇంటికి తరిమాడు.

వాడకట్టులోకి అడుగుపెట్టగానే నాకు నవ్వాగలేదు. ఎండ లేదని ఆమె మా బట్టలను వాడకట్టులో ఉన్న ఇళ్ళన్నిటికీ పంచి పెట్టింది. ప్రతి పొయ్యి మీదా దండెం కట్టి ఒక చొక్కా, ఒక లాగు వేలాడదీశారు. ఒక ఇంట్లో చింతపులుసు కాగుతోంది, ఇంకో ఇంట్లో చేపల కూర. మా ఫౌజు మొత్తం పొగలో నానుతోంది.

"అవ్వా, ఇంకా ఆరలేదా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"సూరీడు మీ జమేదారు కింద నౌకరి చేస్తుండా, రమ్మనంగనే వచ్చెటందుకు? పో, ఆరినంక ఇస్త."

"గట్లనకు అవ్వా. రేపు పొద్దుగాల యూనియన్ ఫౌజు వస్తది. వర్దీ లేకుంటే రజాకార్లని కాల్చి పారేస్తరు మమ్ముల."

లచ్చవ్వ చేతిలో ఉన్న గంజి గిన్నె కింద పెట్టింది. "వర్దీ ఉంటే?"

"ఉంటే ఖైదీల కింద లెక్కవెట్టి తీస్కపోతరు. కొన్నాల్లకు ఇడిసిపెడ్తరు."

"పానం తియ్యరా?"

"తియ్యరు."

ఆమె బయటికి తొంగి చూసి, తలుపు దగ్గరేసి, "లోపటికి రా," అంది.

పెద్ద ఉబ్బ బాన వెనుక గొంగడి కప్పుకుని ఒకడు వణుకుతూ పడుకున్నాడు. పక్కన నాటు తుపాకి. నేను వెనక్కి ఒక్క గెంతు గెంతాను. వాడు లచ్చవ్వ కొడుకు పోశాలు. సంఘంలో కలిసి, దొర గడీ మీద దాడికి పోయినవాడు, రెండేళ్ళుగా అడవిలో ఉన్నవాడు. చలిజ్వరం ముదిరి నడవలేక తల్లి దగ్గరికి వచ్చి పడ్డాడు. మా రేవు మీద వాళ్ళూ, వాళ్ళ అడవి మీద మేమూ కాల్పులు జరపాల్సినవాళ్ళం. వాళ్ళ తుపాకులు మా తుపాకుల కంటే అన్యాయంగా ఉండటం వల్ల ఇరువైపులా చాలామంది బతికిపోయాం.

"దొర అప్పుడే ఖద్దరు టోపి కుట్టిచ్చుకున్నడు," అంది లచ్చవ్వ. "మొన్నటిదాంక కుచ్చు టోపి పెట్టిండు, ఇగ రేపట్నుంచి గిది. కొత్త ఫౌజు రాంగనే దండేసి, సంఘపోల్ల పేర్లు అప్పజెప్తడు. మొదటి పేరు వీనిదే. వీడు ఉరకలేడు, నడవలేడు. ఇంట్ల దొరికితే తుపాకితోని దొరుకుతడు. నాకొక జత గావాలె దానియేలు."

"జతలన్నీ నీ కాడనే ఉన్నయి గదవ్వా."

"బట్ట నా చేతులనే ఉన్నది. బట్టతోని ఏమైతది? మీ వరుసల నిలవెట్టుకోవాలె. వీడు నా సిపాయే అని మీ జమేదారు నోటితోని అనాలె. అంటే అన్ని జతలు వస్తయి. అనకుంటే ఒక్క లాగు గూడ రాదు. మీరందరు గోచిలు పెట్టుకోని లొంగిపోండ్రి."

ఆ మాట మోసుకుని నేను రేవుకు పోయాను. బాబామియా ముఖం గోరింటాకు గడ్డం కంటే ఎర్రబడింది. "సర్కారు మీద తిరగబడ్డోన్ని నా వరుసల నిలవెట్టాల్నా?"

"సర్కారే లేదు గద సాబ్ ఇప్పుడు."

నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. లుంగీ మీద తోలు బెల్టు బిగించి, బనీను మీద పతకం గుచ్చుకుని, బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకుని తానే బయల్దేరాడు. ఓడిన సైన్యాలు చాలా ఉంటాయి గానీ, అలాంటి అలంకారంతో బట్టలుతికే మనిషి గుమ్మం ముందు రాయబారానికి నిలబడ్డ సేనాధిపతి ఇంకొకడు ఉండడని నా నమ్మకం.

"లచ్చవ్వా! సర్కారీ బట్టలు ఆపుకునుడు నేరం," అన్నాడు.

"పట్టుకపో నన్ను. జేల్లేస్తవా? ఏ సర్కారు జేల్ల?"

"సూడు లచ్చవ్వా, ఇన్నేండ్ల నౌకరిల ఒక్క అబద్దపు హాజరు నేను పిల్వలే. రానోన్ని వచ్చిండని చెప్పలే, లేనోన్ని ఉన్నడని చెప్పలే. ఆఖరు దినం చెప్పుమంటవా?"

ఆయన గొంతు అప్పుడు జమేదారు గొంతులా లేదు. బతిమాలుతున్నాడు. లచ్చవ్వ జవాబు చెప్పేలోగా బాన వెనుక నుంచి పోశాలు అరిచాడు. "నాకద్దు అవ్వా! నిజాం గుడ్డలు కట్టుకోని బతికేకంటే నా గుడ్డలల్ల నేను సస్త!"

"నిజాం గుడ్డ గాదురా," అంది లచ్చవ్వ లోపలికి తిరిగి, "నేను ఉతికిన గుడ్డ. నిజాం ఎన్నడన్న ఉతికిండా దాన్ని? నోరు మూసుకోని పండు."

బాబామియా లోపలికి తొంగి చూశాడు. "వీడు నా కంటె మొండోడున్నడు," అన్నాడు, కొంచెం ఇష్టంగానే. పోశాలేమో వద్దంటాడు, జమేదారేమో కుదరదంటాడు, లచ్చవ్వ మాత్రం ఇళ్ళన్నిటి నుంచి మా బట్టలు తెప్పించి మూటగట్టి ఆ మూట మీద కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చునేదో తెలియదు గానీ, అంతలో కాటారం దారి నుంచి ఎడ్లబండి ఒకటి వచ్చి వాడకట్టు ముందు ఆగింది.

బండి తోలే దుర్గయ్య దిగి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "సాబ్, గీ మనిషి మీ మనిషేనా జర సూడుండ్రి," అన్నాడు.

గడ్డి తీస్తే యాకూబ్. లుంగీ, బనీను. బనీను మీద నెత్తురు వానకు పలచబడిపోయింది. దారి పక్కన పడి ఉంటే దుర్గయ్య ఎక్కించుకొచ్చాడట. ఎవరు కాల్చారో చూసినవాళ్ళు లేరు. తుపాకి పట్టుకుని పోతున్నవాణ్ణి చూసి రజాకార్ అనుకున్నారని మాత్రం పక్క ఊరివాళ్ళు చెప్పుకున్నారట.

బాబామియా బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. "పోతే పోయిండు, తుపాకి ఇడిసిపెట్టి పోకపోయిండా," అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, "ఎట్ల ఇడిసిపెడ్తడు, పానం పోయినా తుపాకి ఇడువొద్దని నేనే నేర్పిన గద. అన్ని మాటలు ఇడిసిపెట్టి గా ఒక్క మాట ఇన్నడు నా మాట." ఆయన ఏడుస్తుంటే చూడటం అదే మొదటిసారి. మేమూ ఏడ్చాం. వాడంటే మా అందరికీ ప్రేమ.

లచ్చవ్వ లోపలికి పోయి తెల్లటి పంచె ఒకటి తెచ్చింది. కొత్త ఫౌజుకు దండ వేయడానికి దొర ప్రత్యేకంగా ఉతకమని పంపిన పంచె. "కఫను గుడ్డకు గిది పనికొస్తదా సాబ్?" అని అడిగింది.

"దొర అడిగితే?"

"గోదాట్ల కొట్టుకపోయిందని చెప్త. మల్లొకటి కట్టుకుంటడు, ఆయినకేం కరువు."

చీకటి పడకముందే రేవు పైన దిబ్బ మీద మట్టి ఇచ్చాం. బాబామియా నమాజు చదివాడు. నన్ను బాకా ఊదమన్నారు గానీ ఊదలేకపోయాను. గొడుగు మడిచి దిబ్బ దిగుతూ ఆయన లచ్చవ్వ దగ్గర ఆగాడు.

"నీ కొడుకుకు జెరం తగ్గిందా?"

"లే సాబ్."

"పొద్దుగాల్నే రేవుకు తోల్కరా. మీసం తీపియ్యి. యాకూబ్‌కు మీసం లేకుండె."

పోశాలును ఎలా ఒప్పించావని తర్వాత లచ్చవ్వను అడిగితే, "ఒప్పిచ్చుడేంది, జెరమొచ్చినోనికి బట్టలు తొడుగుడు నాకు కొత్తనా?" అంది.

మర్నాడు వాన వెలిసింది. బట్టలు మాత్రం ఆరలేదు. ఎండని గంజి ఒంటికి జిగురులా అతుక్కుంది, చేతులు మడిస్తే మడత పడేవి కావు, మడత పడితే తెరుచుకునేవి కావు. నా చొక్కా చేపల కూర వాసన, జమేదారుది చింతపులుసు. అందరం తుపాకులు ముందు పేర్చి, నిటారుగా వరుసలో నిలబడ్డాం. గంజి పుణ్యమా అని వంగుదామన్నా వంగలేం. చివరన పోశాలు, యాకూబ్ వర్దీలో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, జ్వరానికి ఊగుతూ.

పడవలు ఒడ్డుకు తగిలాయి. కుర్ర కప్తాను ఒకడు దిగాడు, వెంట తుపాకులు ఎక్కుపెట్టిన సిపాయిలు. దొర ఖద్దరు టోపీతో ఎదురెళ్ళి బంతిపూల దండ వేశాడు. కప్తాను దండ తీసేసి, మా వరుస ముందుకొచ్చి, గాలి పీల్చి, ఇక్కడెవరు వంట చేస్తున్నారని హిందుస్తానీలో అడిగాడు. బాబామియా గట్టిగా సెల్యూట్ కొట్టాడు. ఆ దెబ్బకు చొక్కా చంక కింద చిరిగింది.

పేర్లు పిలవమన్నాడు కప్తాను. బాబామియాకు కాగితం అక్కర్లేదు. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరం "హాజర్" అంటున్నాం. కింద బండ మీద లచ్చవ్వ బట్టలు బాదుతోంది, ఆ చప్పుడు వినబడుతోంది.

"యాకూబ్!"

జవాబు లేదు. బండ మీద చప్పుడు ఆగింది. కప్తాను తలెత్తాడు. పోశాలు దవడలు బిగుసుకుపోయాయి. మూడు అడుగుల దూరంలో దొర ఉన్నాడు, కానీ ఆయన కళ్ళు కప్తాను తీసేసిన దండ మీదే ఉన్నాయి. పోశాలు పేరంటే ఆయనకు నిద్రపట్టదు గానీ, బట్టల మూటలు మోసుకొచ్చే పిల్లాడి ముఖం ఏనాడన్నా చూసి ఉంటే కదా.

బాబామియా మళ్ళీ పిలిచాడు. ఈసారి తండ్రి పేరుతో సహా. "యాకూబ్, వల్ద్ ఇమాంసాబ్!"

"హాజర్," అన్నాడు పోశాలు.

బండ మీద బట్టల చప్పుడు మళ్ళీ మొదలైంది.

మమ్మల్ని లారీల్లో జనగామ తీసుకుపోయి, స్టేషను దగ్గర బియ్యం గోదాములో పెట్టారు. అక్కడి డాక్టరు ఇచ్చిన క్వినైన్‌తో పోశాలుకు జ్వరం తగ్గింది, జ్వరంతో పాటు అణకువ కూడా తగ్గింది. నమాజుకు జమేదారు పక్కన నిలబడి ఓరకంట చూస్తూ, నుదురు నేలకు ఆనించే సజ్దాలో ఎప్పుడూ ఒకటి వెనకబడేవాడు. దున్నేవాడిదే భూమి అని జమేదారుకు రోజూ పాఠం చెప్పేవాడు. "మానుకోటల నాకు గుంటెడు జాగ లేదు, నాకెందుకు చెప్తున్నవ్‌రా," అని ఆయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే రొట్టెలో సగం వాడికి పెట్టేవాడు. నిజాం మీద తిరగబడ్డవాడు నిజాం సిపాయిగా జైల్లో ఉన్నాడని మేము వాణ్ణి ఏడిపించేవాళ్ళం, వాడు మమ్మల్ని బూతులు తిట్టేవాడు.

ఒక్క సంగతి మాత్రం మాలో ఒక్కడికీ తోచలేదు. ఖైదీల పేర్లను ఊళ్ళకు పంపుతారని, ఊళ్ళల్లో చాటింపు వేయిస్తారని మేమనుకోలేదు. నర్సింహులపేటలో యాకూబ్ పేరు చాటారు.

చాంద్‌బీ మానుకోట దాకా బండిలో, అక్కడి నుంచి రైలెక్కి కాజీపేట మీదుగా జనగామ వచ్చింది. చంకలో రొట్టెల మూట. గేటు దగ్గర కాపలా సిపాయి పంజాబీవాడు, మంచివాడే గానీ హుకుం అంటే హుకుం. తల్లి వచ్చింది, యాకూబ్‌ను పంపమన్నాడు. ఆమె 'వీడు నా కొడుకు కాదు' అన్న ఒక్క మాట అంటే పోశాలు పని అయిపోయినట్టే, జమేదారు పని కూడా. అనదని ఎలా అనుకోవడం? అనకూడదని ఆమెను అడిగే ముఖం మాలో ఎవరికుంది?

బాబామియా పోశాలు భుజం పట్టుకుని గేటు దాకా నడిపించాడు. వెనుక నేను. ఆమె పోశాలును దాటి మా వెనక్కి చూసింది. తన కొడుకు ఇంకా వస్తున్నాడనుకుంది.

బాబామియా నవ్వు ముఖం పెట్టాడు. ఇంటి క్షేమసమాచారం చెప్తున్నట్టే, తెలుగులో అన్నాడు. "చాంద్‌బీ అక్కా, నవ్వుకుంట ఇను. వాడు సూస్తుండు, వానికి తెలుగు రాదు. యాకూబ్ లేడక్కా. కాటారం తొవ్వల ఎవరో కాల్చిండ్రు. గోదావరి ఒడ్డున మేమే మట్టి ఇచ్చినం, నమాజు నేనే చదివిన. గీ పిలగాడు అక్కడి లచ్చవ్వ కొడుకు. నీ కొడుకు పేరు మీద బతికున్నడు. తప్పు నాదక్కా. నీ ఇష్టమక్కా, నువ్వేమన్నా నాకు సమ్మతమే."

ఆమె చంకలోని మూట జారబోతే పోశాలు పట్టుకున్నాడు. కాపలావాడు దగ్గరికొచ్చి, వీడే నీ కొడుకా అని హిందుస్తానీలో అడిగాడు. వాడు ముఖం చిట్లించి మళ్ళీ గట్టిగా అడిగాడు.

చాంద్‌బీ పోశాలు వేసుకున్న చొక్కాను కాలరు దగ్గర పట్టుకుంది. "మేరాచ్ బేటా," నా కొడుకే అంది.

కాపలావాడు పక్కకు పోయాడు. ఆమె నేల మీద కూర్చుని, మూట విప్పి, రొట్టె తుంచి పోశాలు చేతిలో పెట్టింది. వాడు తినలేక తల వంచుకున్నాడు. "తిను బిడ్డా. వాడు సూస్తుండు," అంది. వాడు తిన్నాడు. నమలలేక నమిలాడు, కళ్ళ నీళ్ళు రొట్టె మీద పడ్డాయి. ఆమె మాత్రం ఏడవలేదు. మూటలోని రొట్టెలన్నీ అయిపోయేదాకా తుంచి ఇస్తూనే ఉంది.

"నువ్వు బతికున్నట్టు మీ అవ్వకు ఎర్కనా?" అని అడిగింది చివరికి.

"లేదమ్మా. మమ్ముల ఎటు దెచ్చిండ్రో గూడ ఎర్కలేదు."

ఆమె ఖాళీ గుడ్డను దులిపి మడిచింది. "నేను పోయి చెప్త," అంది. "నేనెట్లన్న గక్కడికి పోవాలె గద." బాబామియా వైపు తిరిగి, మహదేవపూర్‌కు ఎట్ల పోవాలో చెప్పమంది.

కాటారం దాకా బండ్లు దొరుకుతాయని ఆయన చెప్పాడు. రేవు దగ్గర ఎవరినడిగినా లచ్చవ్వ ఇల్లు చూపిస్తారని నేను చెప్పాను.